ఎవ్వడూ లేడనడానికి ఇద్దరు సాక్షులు

నా పేరు ఎంసీ కార్చిచ్చు. ఆధార్ కార్డులో కొమ్ము జనార్దన్ అని ఉంటుంది కానీ దాన్ని పట్టించుకోకండి, నేనూ పట్టించుకోను. వయసు ముప్ఫై ఆరు. చిలకలగూడలో ఒక కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఉద్యోగం. వారమంతా జనానికి చూపు సరిచేసి, ఆదివారం పాటలో "నన్ను చూస్తే కండ్లు పోతయ్" అని రాసుకుంటాను.

నేను స్వతంత్ర ర్యాపర్‌ని. అంటే ఏ కంపెనీ నా పాటలు విడుదల చెయ్యదు. నేను ఎవరి దగ్గరికీ వెళ్ళను అని స్టేటస్‌లో పెడుతుంటాను గానీ, వెళ్ళాను, వాళ్ళే వద్దన్నారు. పన్నెండేళ్ళలో పదిహేడు పాటలు వదిలాను. వాటిలో అన్నిటికంటే పెద్ద హిట్‌ని జనం నాలుగు వందల పదకొండు సార్లు విన్నారు. అందులో మూడు వందల సార్లు విన్నది నువ్వేనని ఎల్లేశ్ అంటాడు. వాడివన్నీ కోతలు. రెండు వందల యాభైకి మించదు.

ఎల్లేశ్ నా పాటలకి బీట్లు కడతాడు, మిగతా రోజుల్లో స్కూల్ వ్యాన్ నడుపుతాడు. హుక్ పాడేది సుగుణ. హుక్ అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్క. జనానికి గుర్తుండేది అదొక్కటే. సుగుణ ఒక ల్యాబ్‌లో రక్తం తీస్తుంది, ఆదివారం పొద్దున చర్చిలో పాడుతుంది, మధ్యాహ్నం మాతో పాడుతుంది. మా స్టూడియో ఎల్లేశ్ వ్యానే. అద్దాలన్నీ మూసేసి, సీట్ల మధ్య కింద కూర్చుని, నెత్తిమీద దుప్పటి కప్పుకుని రికార్డు చేస్తాం. ఎండాకాలంలో ఒక్కో పాటకి తలా ఒక కిలో తగ్గుతాం. పాట పూర్తయ్యాక ఎల్లేశ్ దాన్ని వ్యాన్ స్పీకర్లలో పెట్టి హారన్ కొడతాడు. హారన్ మోతలో కూడా బీట్ వినపడితే పాట పాసైనట్టు. ఈ పరీక్ష వల్ల మా గల్లీలో మమ్మల్ని పలకరించేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

పదిహేడు పాటల మీదా పేరు మాత్రం నాదొక్కటే. పోస్టర్ మీద మూడు పేర్లుంటే ర్యాప్ లాగా ఉండదు, పెళ్ళి బ్యాండు లాగా ఉంటుందని నేనే తేల్చాను. వాళ్ళిద్దరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడాన్ని నేను పన్నెండేళ్ళు ఒప్పుకోలు కింద జమ కట్టుకున్నాను.

పద్దెనిమిదో పాట "ఎనక ఎవ్వడు లేడు". చాలా కోపంగా రాశాను. షాపులో కస్టమర్ల చీటీల వెనక రాసుకున్న ఆ పాటలోంచి నాలుగు ముక్కలు వినిపిస్తాను:

గల్లికి పులిని నేను, భయమంటే తెల్వదు
నా మాట కత్తి బిడ్డా, తగిలితె రక్తమే
ఒక్కన్నే వచ్చిన, ఒక్కన్నే పెరిగిన
నా ఎనక ఎవ్వడు లేడు, ఎవ్వడు లేడు

ఆ చివరి ముక్కే హుక్. సుగుణ దాన్ని గొంతెత్తి పాడుతుంటే, వెనక ఎల్లేశ్ బీట్ దడదడలాడుతుంటే, నాకే ఏడుపొచ్చింది. పాపం, నాకు నిజంగానే ఎవరూ లేరు కదా అనిపించింది.

ఆ పాట విని ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఫెస్ట్‌కి పిలిచారు. పన్నెండేళ్ళలో మమ్మల్ని ఒకరు పిలవడం అదే మొదలు. ఇరవై ఎనిమిదో తారీఖు, మధ్యాహ్నం రెండున్నర, పెద్ద స్టేజి. సుగుణ ఆ రోజుకి చీర కూడా తీసి పెట్టుకుంది. ఒకటే షరతు. పాటకి మండలి ధ్రువపత్రం ఉండాలి.

మండలి సంగతి మీకు చెప్పాలి. రెండేళ్ళ కింద ఒక కుర్రాడు పాటలో "ఈ ఊరంతా నాదే" అన్నాడు. ఆ ఊరి పెద్దమనుషులు పట్టా కాగితాలు చంకన పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇంకొకడు "ఇయ్యాల స్టేజి కాలిపోతది" అంటే ఫైరింజన్ వచ్చి సాయంత్రం దాకా నిలబడింది. అప్పుడు పైవాళ్ళు కూలంకషంగా ఆలోచించి, ర్యాప్ పాటల్లో గొప్పలు చెప్పుకోవడం నేరం కాదు గానీ, చెప్పుకున్న ప్రతి గొప్పకీ రుజువు ఉండాలన్నారు. అలా పుట్టింది ప్రగల్భాల ధ్రువీకరణ మండలి. దానికి నాలుగంతస్తుల ఆఫీసు, అందులో పని చెయ్యని లిఫ్టు ఉన్నాయి.

మా ఫైలు వంగల నరహరిరావు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతకుముందు తూనికలు, కొలతల పని చూసేవారట. పాటని కూడా తక్కెట్లో పెట్టినట్టే చూశారు. మేం ముగ్గురం వెళ్ళి ఎదురుగా నిలబడితే కళ్ళజోడు సవరించుకున్నారు. చెవి మీద నిలిచే ఎడమ డండీ వదులైంది, నాకు చెయ్యి దురద పుట్టింది.

"పులి అను విషయమై అటవీ కార్యాలయమునకు లేఖ వ్రాయడమైనది. సదరు గల్లీయందు పులుల సంచారము లేదని జవాబు వచ్చియున్నది," అన్నారు.

"అది పోలిక సార్," అన్నాను.

"పోలికలకు ఫారం నాలుగు ప్రత్యేకముగా కలదు. పులితో కలియు లక్షణములు కనీసము ఐదు చూపవలెను."

నేను ఆలోచించాను. "గోర్లు సార్," అన్నాను.

"గోర్లు కొరుక్కుంటడు సార్," అన్నాడు ఎల్లేశ్. వాడు సాయం చేద్దామనే అన్నాడు.

నరహరిరావు గారు పులి మీద గీత పెట్టారు. "తమ మాట తగిలి రక్తము వచ్చినవారి జాబితా, చిరునామాలతో సహా?"

"రక్తం తీసేది నేను సార్, ఈన గాదు," అంది సుగుణ. "ఈనకు రక్తం జూస్తె కండ్లు తిరుగుతయ్. షుగర్ టెస్టుకొచ్చి మా బల్ల మీదనె పడిపోయిండు."

కత్తి మీద కూడా గీత పడింది. బయటికొచ్చాక నేను వాళ్ళిద్దర్నీ తిట్టాను. మీరు నా తరఫున వచ్చారా, వాళ్ళ తరఫున వచ్చారా అన్నాను. ఎల్లేశ్ ఆ రోజు సగం పూట సెలవు పెట్టుకుని వచ్చాడు. సుగుణ నైట్ డ్యూటీ దిగి నిద్ర లేకుండా వచ్చింది. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదు.

భయమంటే తెలియదన్న లైనుకి స్థల పరిశీలన పెట్టారు. నరహరిరావు గారు అట్ట, పెన్సిలు పట్టుకుని మా గల్లీకి వచ్చారు. నేను నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఛాతీ విరుచుకుని గేటు ముందు, ఎల్లేశ్ వ్యాను పక్కన నిలబడ్డాను. ఎదురింటి సత్తెమ్మని సాక్ష్యం అడిగారు.

"ఈనకా భయం లేనిది?" అంది సత్తెమ్మ. నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల పాల ప్యాకెట్ కోసం పోవాల్నంటే, ఆ ఎర్రకుక్క ఆడికెళ్ళి పొయ్యేదాంక గేటు లోపటనె నిలవడతడు సారూ. ఒక్కోనాడు నేనె తెచ్చి ఇస్త."

పేరు తలుచుకోగానే ఆ ఎర్రకుక్క సందు మలుపులోంచి వచ్చింది. దానికి నాతో ఏ పగా లేదు, ఊరికే వచ్చింది. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. నివేదికలో మాత్రం ఇలా రాశారు: "దరఖాస్తుదారుడు నాలుగు సెకనులలో స్కూలు వ్యాను పైకప్పు మీదికి చేరెను. జంతువు తోక ఊపుచుండెను." కుక్కని అదిలించి, నా చెయ్యి పట్టి దింపింది ఎల్లేశే. అది కూడా నివేదికలో ఉంది.

ఇక మిగిలింది చివరి ముక్క, నా ఎనక ఎవ్వడు లేడు. పాట పేరే అది. అది పోతే పాటే లేదు, పాట లేకపోతే ఇరవై ఎనిమిది లేదు.

"దీనికి పదకొండవ నిబంధన వర్తించును," అన్నారు నరహరిరావు గారు. "దరఖాస్తుదారుని కనీసము పదేండ్లుగా దగ్గరనుండి ఎరిగిన ఇద్దరు వ్యక్తులు, అతని వెనుక ఎన్నడును ఎవ్వరును నిలువలేదని ప్రమాణపత్రము ఇవ్వవలెను."

నన్ను పదేళ్ళుగా దగ్గర నుంచి ఎరిగినవాళ్ళెవరా అని మెట్లు దిగుతూ ఆలోచించాను. ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ నా వెనకాలే మెట్లు దిగుతున్నారు.

ఆదివారం వ్యాన్‌లో కూర్చున్నప్పుడు సంగతి బయటపెట్టాను. నీళ్ళు నములుతూనే చెప్పాను. ఎల్లేశ్ స్టీరింగ్ మీద దరువు వేస్తున్నవాడల్లా ఆపాడు.

"అంటె, నీ ఎనక ఎవ్వడు లేడని, నేనొచ్చి నీ ఎనక నిలవడి జెప్పాల్నారా జన్నూ?"

"సంతకమే కదరా."

"మరి హుక్ ఎవలు పాడిన్రని రాయాలె అన్నా?" అంది సుగుణ. "దయ్యం పాడిందని రాద్దామా?"

"పాటంటే పాట, చెల్లె. అందులో ఉన్నవన్నీ నిజమనుకుంటారా ఎవరైనా? ర్యాప్‌లో అట్లనే అంటారు."

"అనుకోరు," అంది సుగుణ. "గందుకే పన్నెండేండ్లు గమ్మునున్న. గిప్పుడు రాసియ్యమంటున్నవు గదా, గందుకు అడుగుతున్న."

ర్యాపర్‌కి మాట తడుముకోవడం పెద్ద తప్పు గనుక దగ్గినట్టు నటించాను. చివరికి ఎల్లేశే అన్నాడు: "పాట జనంలకు పోవాలె చెల్లె. పెద్ద స్టేజి మల్ల మల్ల రాదు. పెట్టేద్దాం తియ్యి." ఫారంలో ఒక గడి ఉంది, దరఖాస్తుదారునితో మీకు గల సంబంధము అని. సుగుణ అందులో "ఏమీ లేదు" అని నెమ్మదిగా రాసింది. రాసి, ఒకసారి చదువుకుని, కాగితం నాకిచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గేసినా, "ఆ 'లేదు' సరిగ్గా పడలేదు, కొంచెం దిద్దు చెల్లె" అన్నాను. ఆమె దిద్దింది.

ఇరవై మూడో తారీఖున పిలుపొచ్చింది. ఈసారి వాళ్ళిద్దర్నీ బయట బెంచీ మీద కూర్చోబెట్టి నన్నొక్కడినే లోపలికి రమ్మన్నారు. నరహరిరావు గారి ముందు సందర్శకుల రిజిస్టర్ తెరిచి ఉంది.

"తమరు ఈ కార్యాలయమునకు ఏడుమార్లు విచ్చేసినారు. ఏడుమార్లును ఇదే ఇద్దరు వ్యక్తులు తమ వెనుక వచ్చినట్లు రిజిస్టరున సంతకములు కలవు. మరి సదరు వ్యక్తులే, తమ వెనుక ఎవ్వరును లేరని ప్రమాణము చేసియున్నారు."

నేను రిజిస్టర్‌లో సంతకాలు లెక్కపెట్టాను. ఏడుకి ఏడూ ఉన్నాయి.

"మరియొక విషయము. పాటను ఆసాంతము ఆలకించితిని. ఎవ్వడు లేడు, ఎవ్వడు లేడు అని పదునారు మార్లు పాడిన ఆ స్త్రీ ఎవరు? లేనిచో ఎట్లు పాడినది?"

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. పన్నెండేళ్ళుగా నేను అడగాల్సిన మాట అది.

"అయితే నన్నేం చేస్తారు సార్?"

"తమరినా?" ఆయన ఆశ్చర్యపోయారు. "తమరిని ఏమియు చేయము. ప్రగల్భము పలుకుట తమ వృత్తి. తమరు అబద్ధమాడుదురని నిబంధనావళియే అంగీకరించుచున్నది. సాక్షికి అట్టి వెసులుబాటు లేదు. తప్పుడు సాక్ష్యము చెప్పిన ఇద్దరికిని మూడేండ్లపాటు పాడుట, వాయించుట, బహిరంగముగా కూనిరాగము తీయుట నిషేధము. ప్రార్థనా స్థలములకు సైతము వర్తించును."

అంటే సుగుణకి చర్చి కూడా పోతుంది.

ఆయన ఒక కాగితం ముందుకి తోశారు. "తరుణోపాయము కలదు. సదరు వ్యక్తులు యాదృచ్ఛికముగా తమ వెంట వచ్చినారనియు, వారు తమను ఎరిగియున్నను తమకు వారెవరో తెలియదనియు వ్రాసి ఇండు. అప్పుడు వారి సాక్ష్యము నిజమగును. తమ పాట నిజమగును. ధ్రువపత్రము నేడే చేతికి వచ్చును."

వెంటనే కాగితం విసిరికొట్టానని రాస్తే బాగుంటుంది. కానీ ఈ కథ కూడా మండలి వాళ్ళు చదువుతారు. జరిగింది చెబుతాను. నేను పెన్ను మూత తీశాను. "నాకు సదరు వ్యక్తులు" అని రాశాను. ఎవరికీ నష్టం లేదు కదా, అందరూ బయటపడతారు కదా అనుకున్నాను. స్టేజి మీద పొగ వస్తుందా రాదా అని కూడా అనుకున్నాను.

అప్పుడు బయటి నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. ఎల్లేశ్ బెంచీ చెక్క మీద వేళ్ళతో బీట్ వేస్తున్నాడు. ఇరవై ఎనిమిదికి స్పీడు కొంచెం పెంచాలని వాడు పొద్దుటి నుంచీ అంటున్నాడు. సుగుణ సన్నగా హుక్ అందుకుంది. ధ్రువపత్రం వచ్చేస్తుందని వాళ్ళ నమ్మకం. బంట్రోతు "ఏయ్, ఇది ఆఫీసనుకున్నరా ఏమనుకున్నరు!" అని కసిరాడు. ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఒక్క నిమిషం ఆగి మళ్ళీ మొదలుపెట్టారు, ఇంకా చిన్నగా.

ఆ బీట్ లేకుండా, ఆ గొంతు లేకుండా నా మాటలు నాకే ఎప్పుడూ వినపడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి నా మీద జాలితో కాదు.

"సార్, వాక్యం పూర్తి చేస్తాను," అన్నాను. పూర్తి చేశాను. "నాకు సదరు వ్యక్తులు పన్నెండేళ్ళుగా వెనకే ఉన్నారు. నేనే ఒత్తిడి చేసి సంతకాలు పెట్టించాను. ఎవ్వడూ లేడన్నది నా అబద్ధం."

నరహరిరావు గారు రెండుసార్లు చదివారు. "మండలి చరిత్రలో ఒక దరఖాస్తుదారుడు నిజము వ్రాయుట ఇదియే ప్రథమము. దీనికి ఫారము లేదు," అన్నారు. చాలాసేపు వెతికారు. నిజంగానే లేదు. చివరికి పాతవాటితో సరిపెట్టారు. సాక్షుల శిక్ష నాకు బదిలీ అయింది: మూడేళ్ళు పాడకూడదు, స్టేజి మీద నోరే మెదపకూడదు. పాటలో నా అబద్ధాలు తీసేయగా మిగిలినదానికి ధ్రువపత్రం ఇవ్వవచ్చన్నారు. నా మాటలన్నీ పోయాయి. రెండు నిమిషాల పది సెకన్లు మిగిలింది. అంతా ఎల్లేశ్ బీటు, సుగుణ గొంతు. నిజం చెప్పొద్దూ, వింటుంటే అదే బాగుంది.

అయితే హుక్ ఇంకా తేలలేదు. ఇద్దర్నీ లోపలికి పిలిచారు.

"అమ్మా, మీ ఇరువురి వెనుక ఎవ్వరును లేరా?"

సుగుణ నా వంక చూసింది. నేను బల్ల కింద ఏదో పడిపోయినట్టు వెతుకుతున్నాను.

"ఉన్నడు సార్. ఒకడున్నడు. పెద్ద పనికొచ్చేటోడేం గాదు గని, ఉన్నడు."

"అట్లయినచో పాటను సవరించుకొనుడు. ప్రదర్శన సమయమున నేనే స్వయముగా తనిఖీ చేసెదను."

ధ్రువపత్రం మీద ఇలా ఉంది. కళాకారులు: బొంగు ఎల్లేశ్, జి. మేరీ సుగుణ. వెనుక ఉన్నవాడు: కొమ్ము జనార్దన్. కార్చిచ్చు అన్న పేరుకి అగ్నిమాపక అనుమతి లేదని కొట్టేశారు. ఎల్లేశ్ తన పేరుని వేలితో రెండుసార్లు తడిమాడు. "స్పెల్లింగు సరిగ్గనె రాసిండ్రు రా," అన్నాడు.

ఇరవై ఎనిమిదో తారీఖు, మధ్యాహ్నం రెండున్నర. ఎండ మాడు పగలగొడుతోంది. స్టేజి మీద ముందు సుగుణ, పక్కన ఎల్లేశ్. నేను వాళ్ళ వెనక, సుద్దముక్కతో గీసిన గుండ్రంలో నిలబడ్డాను. గీసింది నరహరిరావు గారే. "పాట ముగియువరకు ఇందులోనుండి కదలరాదు. తమరు కదిలినచో పాట అసత్యమగును," అని చెప్పి ముందు వరసలో కూర్చున్నారు. ఒళ్ళో అట్ట, చేతిలో పెన్సిలు. ఎడమ డండీ నిన్ననే నేను బిగించి ఇచ్చాను.

బీట్ మొదలైంది. పిల్లలు లేచి నిలబడ్డారు. సుగుణ అందుకుంది: "మా ఎనక ఒకడున్నడు, ఒకడున్నడు." మూడోసారికి గ్రౌండంతా అందుకుంది. నాలుగు వందల పదకొండు కంటే ఎక్కువే ఉంటారు.

అప్పుడే స్టేజి వెనక పరదా కదిలింది. క్యాంటీన్ వైపు నుంచి ఒక కుక్క లోపలికొచ్చింది. నల్లది, మా గల్లీ కుక్కకి రెండింతలు. తిన్నగా నా దగ్గరికే వచ్చింది. అరుద్దామంటే నోరు మెదపకూడదు, ఉరుకుదామంటే గుండ్రం ఉంది. ఎక్కడానికి వ్యాను కూడా లేదు. ముందు వాళ్ళిద్దరూ వెనక్కి తిరిగి చూడకుండా, నేనున్నానన్న ధీమాతో పాడుతున్నారు. నరహరిరావు గారు పెన్సిలెత్తి నా వంకే చూస్తున్నారు.

కుక్క నా ప్యాంటు వాసన చూసి, పాదాల మీద తల పెట్టి పడుకుంది. పాట ఇంకా నిమిషమున్నర ఉంది. నేను కదల్లేదు.